మామ్మ తలుపేసుకుని స్నానం చేయాలి, అంతే! | పాత బాత్రూమ్, 9 రోజుల పని

ఈరోజు ఎపిసోడ్ బాత్రూమ్ గురించి. హోమ్ టూర్ కాదు, ముందే చెప్పేస్తున్నా. బంగారం రంగు ట్యాపులు, అద్దం వెనకాల లైట్లు, అలాంటివేమీ కనపడవు. రాజోలు దగ్గర మా ఇంట్లో పాత బాత్రూమ్ ఒకటుంది. ఈ సంక్రాంతికి అందరం ఊళ్ళో ఉన్నప్పుడు దాన్ని పగలగొట్టి మళ్ళీ కట్టుకున్నాం. ప్రభల తీర్థం అయిన మర్నాడు మొదలెట్టాం, 9 రోజులు పట్టింది. మేస్త్రి మావయ్యే, కరెంటు బాబాయే, తట్టలు మోసింది నేనూ మా తమ్ముడూ.

ఎందుకు చేశామో చెప్తే గానీ మిగతాదంతా అర్థం కాదు. మా మామ్మకి 79 ఏళ్ళు. కిందటేడు వర్షాకాలంలో అదే బాత్రూమ్‌లో కాలు జారింది. ఎముక విరగలేదు, కానీ నడుం పట్టేసి రెండు నెలలు మంచం మీదే ఉంది. అప్పట్నుంచి అమ్మో పిన్నో దగ్గరుండి స్నానం చేయిస్తున్నారు. తలుపు సగం తీసే ఉంచాలి. మామ్మ ఏమీ అనేది కాదు. కానీ రోజూ చేసే స్నానం రోజు విడిచి రోజుకి వచ్చింది, ఆ తర్వాత మూడ్రోజులకి ఒకసారి. స్నానం చేయకుండా దేవుడి గదిలోకి వెళ్ళదు కదా, దీపం పెట్టడం కూడా మానేసింది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచి మా ఇంట్లో పొద్దున్నే దీపం పెట్టింది మామ్మే. అమ్మ పెడుతుంటే మంచం మీంచి చూసేది.

ఒకరోజు నాన్న అడిగారు, "ఏం కావాలే అమ్మా నీకు?" అని. "తలుపేసుకుని నేనే చేసుకోవాలిరా" అంది. అంతే అండి. నేను ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను, ఇంత క్లియర్ రిక్వైర్‌మెంట్ ఏ క్లయింటూ ఇవ్వలేదు. ఇది పెడదామా వద్దా అని ఎక్కడ గొడవొచ్చినా ఆ ఒక్క మాటతోనే తేల్చుకున్నాం.

ఇప్పుడు బాత్రూమ్ సంగతి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. కోనసీమలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయిన తుఫాను. మా పాత పెంకుటిల్లు అప్పుడే దెబ్బతింది. తర్వాత తాతయ్య స్లాబు వేయించినప్పుడు, పెరట్లో ఉన్న స్నానాల గదిని ఇంటికి ఆనించి కట్టించారు. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. మొదట నాపరాళ్ళు. కొన్నాళ్ళకి వాటి మీద సిమెంటు గచ్చు. ఇంకొన్నాళ్ళకి దాని మీద నున్నటి తెల్ల టైల్స్. ఒక మూల జీఐ పైపుకి షవర్. ఆ షవర్‌లోంచి నీళ్ళు సరిగ్గా రావడం నేనెప్పుడూ చూడలేదు. రెండు రంధ్రాల్లోంచి రెండు ధారలు, ఒకటి గోడకేసి, ఇంకోటి కంట్లోకి.

పొరమీద పొర వేస్తే ఏమవుద్దంటే, ప్రతిసారీ నేల ఎత్తు పెరుగుతుంది గానీ తూము ఎత్తు పెరగదు. అతికించేవాళ్ళు తూము దగ్గర సర్దుతారు, మిగతా చోట వాటం పోతుంది. మా బాత్రూమ్‌లో నీళ్ళు తూము వైపు కాకుండా తలుపు వైపు వచ్చేవి. గది లోపలికి రాకుండా తలుపు దగ్గర నాలుగంగుళాల సిమెంటు దిమ్మ కట్టారు. ఇక నీళ్ళు ఎటూ పోలేక అక్కడే నిలిచి పాచి పట్టేది. అంటే మామ్మ ముందు ఆ దిమ్మ దాటాలి, దాటిన కాలు సరిగ్గా పాచి మీద పడాలి. పడిందని ఆశ్చర్యపోవడం కాదండి, ఇన్నేళ్ళు పడకుండా ఉండటమే ఆశ్చర్యం.

మావయ్య మస్కట్‌లో పన్నెండేళ్ళు టైల్స్ పని చేసి వచ్చాడు. మన వైపు నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు, మీకు తెలిసిందే. ఉన్న టైల్స్ మీదే కొత్తవి అతికిస్తే మూడ్రోజుల్లో అయిపోద్ది కదా అని నాన్న అడిగారు. మావయ్య ఒక చెంబుడు నీళ్ళు తీసుకుని షవర్ కింద పోశాడు. నీళ్ళు తీరిగ్గా తలుపు దగ్గరికొచ్చి ఆగాయి. "బావగారూ, దీని మీద ఇంకో టైల్ వేస్తే ఈ నీళ్ళు మీ హాల్లోకి వస్తాయండి" అన్నాడు. పగలగొట్టుడు ఖాయం అయింది.

సుత్తి, సేనం పట్టుకుని రెండు రోజులు అదే పని. మూడు పొరలూ తీసేసరికి దాదాపు ఐదంగుళాలు కిందికి దిగాం. అక్కడ నుంచి వాటం కొత్తగా. మావయ్య లెక్క, అడుగుకి పావు అంగుళం. మా 7 అడుగుల పొడవుకి ఒకటీ ముప్పావు అంగుళం తేడా. చూడ్డానికి నేల చదునుగానే కనిపిస్తుంది, నిలబడితే తేడా తెలీదు, నీళ్ళకి మాత్రం తెలుస్తుంది. ట్యూబులో నీళ్ళు పోసి మట్టం చూసి, నాలుగు గోడల మీదా దారం కొట్టాడు. లేజర్ మట్టం కొందామా అని నేనంటే, "ట్యూబులో నీళ్ళు అబద్ధం చెప్పవు అల్లుడూ, బ్యాటరీ కూడా అయిపోదు" అన్నాడు. తలుపు దగ్గర దిమ్మ తీసేశాం. వాటం సరిగ్గా ఉంటే దిమ్మ అక్కర్లేదు. ఇప్పుడు బయట నేలకీ లోపల నేలకీ మధ్య అర అంగుళం కూడా తేడా లేదు, ఆ అంచుని కూడా ఏటవాలుగా చెక్కాడు.

టైల్స్ వేసే ముందు వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు. మొదటిది అడ్డంగా, ఆరాక రెండోది నిలువుగా. నేలంతా వేసి, గోడల మీదికి ఒక అడుగు ఎక్కించి, షవర్ ఉన్న మూల మాత్రం 6 అడుగుల దాకా. తర్వాత తూము మూసి ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టాం. ఈ టెస్టు దగ్గర చాలామంది తొందరపడతారు. టైల్స్ వేశాక లీకు బయటపడితే అన్నీ మళ్ళీ పీకాల్సిందే, కాబట్టి ఆ ఒక్క రోజు ఆగండి. ఇంకో మాట. మన దగ్గర భూమిలో నీళ్ళు చాలా పైనే ఉంటాయి, పునాది లోంచి చెమ్మ గోడలోకి పాకుతుంది. ఈ కోటింగ్ స్నానం నీళ్ళని ఆపుతుంది గానీ కింద నుంచి వచ్చే చెమ్మని ఆపదు. రెండూ ఆపుద్ది అని ఎవరైనా చెబితే నమ్మకండి.

టైల్స్ అమలాపురంలో కొన్నాం. షాపులో ఆర్ 10, ఆర్ 11 అని నంబర్లు చెప్తారు. అది జారుడు రేటింగే, కానీ ఆ పరీక్ష నూనె పోసిన వాలు మీద బూట్లు వేసుకుని నడిచి చేసేది. తడి నేల మీద వట్టి కాళ్ళకి వేరే పరీక్ష ఉంది, దానికి ఏ, బీ, సీ అని గ్రేడ్లు. సీ అంటే పట్టు ఎక్కువ. అడిగితే షాపతను బాక్సు మీద వెతికి, లేదన్నాడు. అప్పుడు పిన్ని ఏం చేసిందంటే, శాంపిల్ టైల్ కింద పెట్టి, బాటిల్లో నీళ్ళు పోసి, సబ్బు రాసి, చెప్పులు విప్పి కాలితో రుద్ది చూసింది. షాపులో అందరూ చూస్తున్నారు. నాలుగు రకాలు అలాగే చూసింది. ఐదోది తీసుకున్నాం, చిన్న సైజు, గరుకుది. చిన్న టైల్స్ అయితే మధ్యలో గీతలు ఎక్కువ వస్తాయి, పాదానికి అవి కూడా పట్టే. తోమడం కష్టం కదా అంటారా, అవునండి, కష్టమే.

ఇక షవర్. మా తమ్ముడికి రెయిన్ షవర్ కావాలి. ఫోన్‌లో చూపించాడు, పళ్ళెం అంత ఉంటుంది, పైనుంచి వాన కురిసినట్టు. లెక్క వేసి చూద్దాం రా అన్నాను. మా ట్యాంకు స్లాబు మీద రెండడుగుల దిమ్మ మీద ఉంది. అందులో నీళ్ళ మట్టానికీ షవర్‌కీ మధ్య ఎత్తు 7 అడుగులు, అంటే సుమారు 2 మీటర్లు. 10 మీటర్ల నీటి ఎత్తుకి 1 బార్ ప్రెషర్ వస్తుంది. మనకి వచ్చేది 0.2 బార్. పెద్ద రెయిన్ షవర్లు చాలావాటికి ఇంతకి ఎన్నో రెట్లు కావాలి. ప్రెషర్ పంపు పెడితే వస్తుంది, కానీ కరెంటు పోతే అదీ ఉండదు. మీరు కూడా కొనేముందు ఈ లెక్క వేసుకోండి, టేపు ఉంటే చాలు. బాక్సు మీద కనీస ప్రెషర్ రాసి ఉంటుంది. అంత డబ్బు పోసి కొన్నాక కాలువ గట్టు మీద మంచు కురిసినట్టు చుక్కలు పడితే ఏడుపొస్తుంది.

మేం పెట్టింది హ్యాండ్ షవర్, తక్కువ ప్రెషర్‌కి పనికొచ్చేది, పొడుగు పైపుతో. కూర్చున్నవాళ్ళ చేతికి అందేలా హుక్కు కింద ఒకటి, నిలబడే వాళ్ళకి పైన ఒకటి. పాత జీఐ పైపు కోసి చూస్తే లోపల తుప్పు పేరుకుని పెన్సిల్ పట్టేంత దారే మిగిలింది. షవర్ రాకపోవడానికి సగం కారణం అదే. మొత్తం సీపీవీసీ వేశాం.

ఇప్పటిదాకా చెప్పింది ఏ మేస్త్రి అయినా చెప్తాడు. ఇప్పుడు చెప్పబోయేది మా పిన్ని దగ్గర నేర్చుకున్నది. పిన్ని ఆరేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసింది. ఆ ఇంట్లో పెద్దావిడకి స్నానం చేయించడం, లేపడం, కూర్చోబెట్టడం అంతా తనే. మావయ్య గోడ మీద పట్టుకునే రాడ్లకి గుర్తు పెడుతున్నాడు. నేను ఫోన్‌లో చూసి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో పెట్టాలంట అని చదువుతున్నాను. పిన్ని వచ్చి, "ఒరేయ్ ఆగండి, ఆవిడ చెయ్యి ఎక్కడికి వెళ్తుందో చూడకుండా ఎలా పెడతారు?" అంది.

మామ్మని హాల్లో గోడ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి చేతికి సుద్దముక్క ఇచ్చింది. "అత్తయ్య గారూ, ఇప్పుడు లేవండి. గోడ ఎక్కడ ఆనుకోవాలనిపిస్తే అక్కడ సుద్దతో గీసేయండి." మామ్మ లేచింది. గీత ఎక్కడ పడింది? నేను చదివిన ఎత్తు కన్నా చేతివెడల్పు కిందకి, ఇంకా బాగా ముందుకి. మళ్ళీ కూర్చోబెట్టింది, మళ్ళీ లేపింది. మూడుసార్లూ దాదాపు అక్కడే. ఇంకోటి కూడా బయటపడింది. మూడుసార్లూ ఎడమ చెయ్యే వాడింది. కుడి భుజం ఎత్తలేకపోతోంది, ఎన్నాళ్ళ నుంచో మరి, ఎవరికీ చెప్పలేదు. మావయ్య గుర్తు పెట్టింది కుడి వైపు గోడకి.

దీన్ని మా ఆఫీసులో యూజర్ టెస్టింగ్ అంటారండి. దానికి మీటింగులు, డాక్యుమెంట్లు. పిన్ని సుద్దముక్కతో పది నిమిషాల్లో తేల్చేసింది. తన పాస్‌పోర్టులో హౌస్ మెయిడ్ అని రాసి ఉంటుంది. ఆ ఆరేళ్ళలో ఆవిడ నేర్చుకున్న పనికి మన దగ్గర డిగ్రీలు ఇస్తారు.

అప్పుడు మొత్తం ప్లాను మారింది. షవర్ ఎడమ గోడకి వచ్చింది. లేవడానికి అడ్డంగా ఒక రాడ్, మామ్మ గీసిన చోట. లోపలికి అడుగు పెట్టగానే పట్టుకోవడానికి తలుపు పక్కన నిలువుగా ఇంకోటి. ఇవి మామూలు టవల్ రాడ్లు కావు, బొటనవేలు, చూపుడువేలు చుట్టితే కలిసేంత లావు స్టీలు పైపు. గోడకీ రాడ్‌కీ మధ్య ఒకటిన్నర అంగుళం సందు. ఎక్కువుంటే చెయ్యి జారి మోచెయ్యి ఇరుక్కుంటుంది, అది ఇంకా ప్రమాదం. మా గోడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. దానికి ప్లాస్టిక్ గట్టి కొట్టి స్క్రూ బిగిస్తే మనిషి బరువుకి ఊడొస్తుంది. అందుకని గోడ అవతలి దాకా బెజ్జం కొట్టి, బయట వైపు స్టీలు పలక పెట్టి బోల్టు బిగించాం. తర్వాత మావయ్య రెండు చేతులతో పట్టుకుని వేలాడాడు. ఆయన బరువు ఎంతో చెప్పను, వీడియో చూస్తారు.

పిన్ని ఇంకో పని చేసింది, పాత టవల్ రాడ్ పీకించేసింది. జారేటప్పుడు మనిషి చెయ్యి ఏది దగ్గరుంటే దాన్నే పట్టుకుంటుంది, అది గట్టిదో కాదో చూడదు అని.

కూర్చోవడం దగ్గర గొడవైంది. మామ్మకి చిన్నప్పట్నుంచి పీట మీద కూర్చుని చెంబుతో పోసుకోవడం అలవాటు. పీట మీంచి ఇప్పుడు లేవలేదు. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే తడి నేల మీద కాళ్ళు జరుగుతాయి. గోడకి కట్టే సీటు అంటే "ఆసుపత్రిలో లాగా నాకొద్దు" అంది. మావయ్య ఏమన్నాడంటే, "సీటు కాదండి అత్తయ్య గారూ, చిన్న అరుగు కడతాను." అరుగు అనగానే ఒప్పేసుకుంది. ఇటుకలతో 17 అంగుళాల ఎత్తు, పైన గరుకు రాయి, ముందుకి కొంచెం వాటం, నీళ్ళు నిలవకుండా. పక్కనే చెంబు, బకెట్టు పెట్టుకోవడానికి ఇంకో చిన్న గట్టు, వంగక్కర్లేకుండా.

తలుపు గురించి ఇది తప్పకుండా వినండి. పాత తలుపు లోపలికి తెరుచుకునేది. లోపల మనిషి తలుపుకి అడ్డంగా పడిపోతే బయటివాళ్ళు నెట్టలేరు. బయటికి తెరుచుకునేలా మార్చాం. గడియ కూడా లోపల వేసుకోవచ్చు, అవసరమైతే బయటి నుంచి రూపాయి బిళ్ళతో తిప్పి తీయొచ్చు. ఆ సంగతి మామ్మకి చెప్పాలా వద్దా అని అమ్మ అంది. చెప్పాలి అన్నాను. చెప్పాం. "తీసేముందు పిలవండి మరి" అంది.

కరెంటు పని బాబాయిది. పాత వైరింగ్‌లో ఎర్త్ వైరే లేదు. ఎన్నో ఇళ్ళలో ప్లగ్గుకి మూడు రంధ్రాలుంటాయి, మూడోది వెనక ఎక్కడికీ వెళ్ళదు. బాబాయి కొత్త ఎర్త్ పిట్ వేసి, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టాడు. ఎంసీబీ ఉంది కదా అన్నాడు తమ్ముడు. "ఎంసీబీ వైరుని కాపాడుద్ది, ఇది మనిషిని కాపాడుద్దిరా" అన్నాడు. లోపల జరిగేది ఏంటంటే, వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అని అది చూస్తూ ఉంటుంది. తేడా వచ్చిందంటే కొంత కరెంటు ఇంకెటో, బహుశా మనిషి లోంచి, నేలలోకి పోతున్నట్టు. వెంటనే కట్ చేసేస్తుంది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి. బకెట్లో హీటర్ రాడ్ పెట్టుకునేవాళ్ళు ఇది లేకుండా పెట్టకండి, దండం పెడతాను. మా గీజర్ 2 కిలోవాట్లు, దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది, కాబట్టి 16 ఆంప్స్ సాకెట్టు, స్విచ్ బయట. వేడి 50 డిగ్రీల లోపే పెట్టాం, పెద్దవాళ్ళ చర్మం తొందరగా కాలుతుంది.

మామ్మ మాత్రం గీజర్ నీళ్ళు నీళ్ళే కాదంటుంది. పెరట్లో రాగి కాగు ఉంది, కొబ్బరి డొక్కలు వేసి కాచేది. కొంచెం పొగ వాసన ఉండే ఆ నీళ్ళే కావాలట. ఆదివారం ఆదివారం తలంటుకి కాగు నీళ్ళు అని ఒప్పందం.

బయటికి వెళ్ళే పైపు గురించి కూడా రెండు ముక్కలు. పాతది నేరుగా అరటి చెట్ల పక్కన బోదెలోకి తెరిచి ఉండేది. కోనసీమలో ఇలా తెరిచి ఉంచితే ఎలకలు, ఎలకల వెనక పాములు. తూము లోంచి బాత్రూమ్‌లోకి పాము వచ్చిన కథ లేని ఇల్లు మా వీధిలో లేదు. పైపు చివర స్టీలు జాలీ బిగించాం, లోపల నానీ ట్రాప్ పెట్టాం. అందులో ఎప్పుడూ రెండంగుళాల నీళ్ళు నిలిచి ఉంటాయి, వాసన, పురుగులు పైకి రాకుండా. పైపు చివర బోదె నీటి మట్టం కన్నా బాగా పైన ఉండాలి. 2022 జూలైలో గోదావరి వరద వచ్చినప్పుడు మా బోదె నిండి ఆ నీళ్ళే బాత్రూమ్‌లోకి వెనక్కి ఎక్కాయి. ఇప్పుడు పైపు చివర మూత కూడా ఉంది, బోదె పొంగితే వేసేయొచ్చు.

ఖర్చు అడుగుతారని తెలుసు. గీజర్‌తో కలిపి సామాను 38 వేల దగ్గర తేలింది. కూలీ సున్నా అని నేను చెప్పను. మావయ్య తన పన్లు మానుకుని 9 రోజులు ఉన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. వాళ్ళింట్లో పైన గది కడుతున్నారు, మేలో నేనూ తమ్ముడూ అక్కడ తట్టలు మోయాలి, అది రాసి పెట్టుకున్నాం.

టైల్స్ మధ్య గ్రౌటు ఆరాక రెండ్రోజులు ఆగి, మూడో రోజు పొద్దున్న మామ్మ లోపలికి వెళ్ళింది. గడియ చప్పుడు వినిపించింది. అమ్మ తలుపు బయటే నిలబడింది, ఐదు నిమిషాలకోసారి "అత్తయ్య గారూ?" అని. మూడోసారికి లోపలి నుంచి "నువ్వెళ్ళి కాఫీ పెట్టవే" అని వినిపించింది. హ్యాండ్ షవర్ వాడలేదండి, చెంబుతోనే పోసుకుంది. ఇప్పటికీ చెంబే. షవర్ మా తమ్ముడు వాడుతున్నాడు. దీపం మాత్రం మామ్మ పెడుతోంది.

ఒక్క పని మిగిలింది. మా బోరు నీళ్ళు తోడినప్పుడు తేటగా ఉండి, గంటకి ఎర్రబడతాయి, ఐరన్. కొత్త టైల్స్ మీద అప్పుడే గీతలు మొదలయ్యాయి. ప్రస్తుతానికి నిమ్మ ఉప్పు నీళ్ళలో కలిపి తుడుస్తున్నాం. యాసిడ్ పోయకండి, గ్రౌటు తినేస్తుంది. ట్యాంకు ముందు ఇసుక, బొగ్గుతో ఫిల్టర్ కట్టొచ్చని బాబాయి అంటున్నాడు, డ్రమ్ము తెచ్చాడు కూడా. అది వచ్చే ఎపిసోడ్‌లో, పనిచేస్తే ఎలా కట్టామో, చేయకపోతే ఎందుకు చేయలేదో చూపిస్తా. ఉంటానండి మరి.